రెండు సీట్ల కారు, పదహారు రోజుల నిల్వ

డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్న 34 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరు రాసిన ఉత్తరానికి ఈసారి సమాధానం ఇస్తున్నాను. ఆయన హెచ్-1బి వీసాపై పనిచేస్తున్నారు. శ్రీమతి హెచ్-4పై, అంటే హెచ్-1బి ఉన్నవారి కుటుంబానికి ఇచ్చే వీసాపై ఉన్నారు, ఆమెకు ఉద్యోగం చేసే అనుమతి ఇంకా రాలేదు. నాలుగేళ్ళ పాప ఉంది. పన్నులూ, ఆరోగ్య బీమా, 401(కె) అనే పదవీ విరమణ పొదుపు ఖాతాలో జమా పోను నెలకు 7,600 డాలర్లు చేతికి వస్తాయి. అపార్ట్‌మెంటు అద్దె 2,150, ఎస్‌యూవీ వాయిదా 540, దాని బీమా 190, ఇంటి సరుకులూ కరెంటూ పెట్రోలూ ఫోన్లూ కలిపి 1,350, పాప ప్రీస్కూలు 950, హైదరాబాదులో కొన్న ఫ్లాటు ఈఎంఐ 65,000 రూపాయలు అంటే సుమారు 750 డాలర్లు, గుంటూరులోని అమ్మానాన్నలకు 400. మొత్తం 6,330 ఖర్చు, 1,270 మిగులు. బ్యాంకులో 9,500 డాలర్లు ఉన్నాయి, 401(కె)లో 64,000 ఉన్నాయి. మార్చి నెలలో పన్ను పోను 8,000 డాలర్ల బోనసు వస్తుంది.

ఆయన కోరిక 2016 నాటి మాజ్డా మియాటా, టాపు తీసి నడిపే రెండు సీట్ల చిన్న కారు. 62,000 మైళ్ళు తిరిగిన బండిని ఒక వ్యక్తి 18,500 డాలర్లకు అమ్ముతున్నారట. 5,000 బ్యాంకులోంచి తీసి, మిగిలిన 13,500 డాలర్లను 401(కె) నుంచి అయిదేళ్ళ అప్పుగా తీసుకోవాలని ఆలోచన. వాయిదా నెలకు 277, ఎదుటివారి నష్టాన్ని మాత్రమే భరించే లయబిలిటీ బీమా ఒక్కటే తీసుకుంటే 62 అవుతుందని లెక్క వేసుకున్నారు. "అన్నీ పోను ఇంకా 900 డాలర్లకు పైగా మిగులుతుంది. అప్పు మీద వడ్డీ కూడా నా ఖాతాలోకే వస్తుంది. అత్యవసర నిధిగా 401(కె) ఎలాగూ ఉంది. ఇందులో తప్పేముంది?" అని అడిగారు.

మీ లెక్కలో కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. తప్పు చివరి వాక్యంలో ఉంది, అందుకే ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. 401(కె)ని అత్యవసర నిధిగా లెక్కవేసుకునే వారు నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. కానీ ఆ నిధినే తాకట్టు పెట్టి సరదాకు కారు కొంటూ, కొన్నాక కూడా అది అత్యవసర నిధిగానే ఉంటుందని ఇంత నిబ్బరంగా రాసినవారు తక్కువ.

ముందుగా మీరు వేయని లెక్క ఒకటి వేద్దాం. టెక్సాస్‌లో ఒక వ్యక్తి దగ్గర పాత కారు కొన్నా 6.25 శాతం అమ్మకపు పన్ను కొనుగోలుదారే కట్టాలి. మీరు ఇచ్చిన ధర, రాష్ట్రం ఆ కారుకు నిర్ణయించే ప్రామాణిక విలువలో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద పన్ను పడుతుంది. 18,500 మీదే వేసినా 1,156 డాలర్లు అవుతుంది. టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ రుసుములు వేరు. అంటే 9,500లో 5,000 కారుకు, 1,156 పన్నుకు పోగా మిగిలేది 3,344. నెలకు 6,330 ఖర్చయ్యే ఇంటికి అది పదహారు రోజులకు వస్తుంది. నెలకు 900 మిగులుతుందన్నది జీతం వస్తున్నంత కాలం నిజం. జీతం ఆగిన రోజు నుంచి మీ చేతిలో ఉండేది ఆ పదహారు రోజులే.

హెచ్-1బిపై ఉన్నవారికి ఇది మిగతావారికంటే ఎందుకు కఠినమో మీకు తెలియనిది కాదు, అయినా కారు కళ్ళ ముందు నిలబడితే మరుగున పడుతుంది. 2017 జనవరి నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం ఉద్యోగం ముగిసిన తరువాత 60 రోజులు గడువు ఉంటుంది, వీసా గడువు అంతకంటే ముందే తీరిపోతుంటే అంతవరకే. ఆ లోపు కొత్త యజమాని మీ పేరున పిటిషన్ దాఖలు చేయాలి, లేదా మీరు స్టేటస్ మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. ఆ 60 రోజులూ మీ శ్రీమతికీ పాపకూ కూడా అవే. వీసా గడువు తీరకముందే యజమానే తొలగిస్తే ఉద్యోగి తిరుగు ప్రయాణానికి సహేతుకమైన ఖర్చు ఇవ్వవలసి ఉంటుంది, అయితే అది ఉద్యోగికే వర్తిస్తుంది, కుటుంబానికి కాదు. కాబట్టి మీ ఇంట్లో అత్యవసర నిధి అంటే రెండు నెలల అద్దె, సరుకులు మాత్రమే కాదు. ఉద్యోగం పోయాక కూడా పాత ఆరోగ్య బీమాను కొంతకాలం ఉంచుకోనిచ్చే కోబ్రా చట్టం కింద దాన్ని కొనసాగిస్తే యజమాని వాటాతో సహా ప్రీమియం మొత్తం, దాని పైన 2 శాతం వరకు మీరే కట్టాలి. అపార్ట్‌మెంటు లీజును మధ్యలో వదిలితే దాని రుసుము ఉంటుంది. మీ శ్రీమతికీ పాపకూ రెండు టికెట్లు, సామాను రవాణా ఉంటాయి. ఇవన్నీ జరుగుతున్నప్పుడు కూడా హైదరాబాదు ఫ్లాటు ఈఎంఐ ఆగదు, గుంటూరుకు పంపే డబ్బు ఆపాలని మీకు మనసు ఒప్పదు.

2022 చివరా 2023 మొదటా టెక్ కంపెనీలు ఉద్యోగులను పెద్ద ఎత్తున తొలగించినప్పుడు నాకు వచ్చిన ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలయ్యేవి: ఏది ముందు అమ్మాలి? అప్పట్లో ఒక కుటుంబం ఓపెన్ టాపు కారును జనవరిలో అమ్మకానికి పెట్టింది. టాపు తీసి తిరిగే కారును చలికాలంలో కొనడానికి వచ్చేవారు తక్కువ, వచ్చినవారు బేరానికే వస్తారు. ఇంట్లో నిల్వ లేనివారు బేరం ఆడలేరు. వసంతం దాకా ఆగగలిగి ఉంటే అదే కారుకు మంచి ధర పలికేది. ఆగడానికి కావలసింది వాళ్ళ దగ్గర లేనే లేదు.

ఇక 401(కె) అప్పు సంగతి. వడ్డీ మీకే వస్తుందన్నది అందరూ చెప్పే మాటే, కానీ దానితో ఆ అప్పు ఉచితం అయిపోదు. ఆ 13,500 డాలర్లు అయిదేళ్ళ పాటు మార్కెట్ బయట ఉంటాయి, మీరు కట్టే వడ్డీ మాత్రం పన్ను కట్టిన జీతంలోంచి వస్తుంది. ఇంతకంటే ప్రమాదం ఉద్యోగం పోయినప్పుడు బయటపడుతుంది. చాలా ప్లాన్లలో ఉద్యోగం వీడగానే మిగిలిన బాకీ గడువుకు వచ్చినట్టే. 2017లో చేసిన పన్ను చట్టం ఇందులో కొంత వెసులుబాటు ఇచ్చింది: ఆ బాకీకి సమానమైన సొమ్మును, ఆ సంవత్సరపు పన్ను రిటర్ను దాఖలు చేసే గడువు లోపు, పొడిగింపు తీసుకుంటే మరుసటి ఏడాది అక్టోబరు లోపు, ఐఆర్ఏ అనే వ్యక్తిగత పదవీ విరమణ ఖాతాలోనో కొత్త యజమాని ప్లానులోనో జమ చేయవచ్చు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తారు? తేలేకపోతే మిగిలిన బాకీని మీరు తీసుకున్న ఆదాయంగా లెక్కిస్తారు. 59½ ఏళ్ళు నిండనివారికి మామూలు పన్ను పైన 10 శాతం జరిమానా కూడా పడుతుంది. ఏడాది తరువాత ఉద్యోగం పోయి, బాకీ ఇంకా 11,000 ఉందనుకుందాం. మీరు 12 శాతం స్లాబులోనే ఉన్నా పన్నూ జరిమానా కలిపి 2,420 డాలర్లు. ఉద్యోగం లేని సంవత్సరానికి మీరే మీకు రాసుకున్న బిల్లు అది. కాబట్టి ఈ అప్పు తీసుకోవద్దు. మీ ఉత్తరంలో ప్రత్యామ్నాయంగా అడిగిన 84 నెలల కారు లోను ఇంకా వద్దు. తొమ్మిదేళ్ళు దాటిన బండికి మరో ఏడేళ్ళ వాయిదాలు కట్టడం గురించి నేను ఇంతకు మించి రాయను.

కారు విషయానికి వస్తే మీ ఎంపిక చెడ్డది కాదు, ఆ మాట కూడా చెప్పాలి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదట చూపినప్పటి నుంచి మియాటా ఉద్దేశం ఒక్కటే: తేలికైన బండి, ముందు ఇంజిను, వెనక చక్రాలకు శక్తి, సామాన్యులకు అందే ధర. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ బండి హిరోషిమా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. అన్ని బండ్లు తయారయ్యాయి కాబట్టే దీని విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, దీన్ని విప్పి బిగించగల మెకానిక్కులు ఊరూరా ఉంటారు. రెండు సీట్ల కార్లలో మెయింటెనెన్సు పరంగా ఇంతకంటే తక్కువ తలనొప్పి ఇచ్చేది నాకు తెలిసి లేదు.

అయితే తక్కువ తలనొప్పి అంటే ఖర్చు ఉండదని కాదు. 2016 బండికి కొత్తప్పుడు ఇచ్చిన పవర్‌ట్రెయిన్ వారంటీ అయిదేళ్ళు లేదా 60,000 మైళ్ళు. మీరు చూస్తున్న బండికి రెండు హద్దులూ దాటిపోయాయి. ఆ తరం మొదటి రెండు మూడేళ్ళ బండ్లలో మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని విఫలమయ్యాయి, ఆ తరువాత మాజ్డా లోపలి భాగాలను మార్చింది. అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న అదే: గేర్‌బాక్సు ఎప్పుడైనా మార్చారా, మార్చితే రసీదు ఉందా? టాపు మీద పడిన నీరు బయటికి పోవడానికి సన్నని గొట్టాలు ఉంటాయి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీరు లోపల నిలిచి తివాచీ తడుస్తుంది, పాత తరాల బండ్లలో తలుపు కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. టెక్సాస్ రోడ్లపై ఉత్తరాది రాష్ట్రాలలోలా ఏటా ఉప్పు చల్లరు కాబట్టి ఇక్కడే తిరిగిన బండికి అడుగున తుప్పు తక్కువ, కానీ ఇక్కడి ఎండ టాపు గుడ్డను తినేస్తుంది. గుడ్డ మార్చి బిగించడానికి కూలితో కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది. ఈ కారులో స్పేర్ టైరు ఉండదు. పంక్చరైతే రిపేర్ కిట్టుతో సరిపెట్టుకోవాలి, టైరు పక్క చీలితే టోయింగ్ బండిని పిలవాలి.

ఇంకో విషయం. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీ రద్దయింది. మీ కొలిన్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. అంటే బ్రేకులు, టైర్లు, స్టీరింగు సరిగ్గా ఉన్నాయో లేదో అమ్మేవారు ఏటా చూపించాలన్న నిర్బంధం ఇప్పుడు లేదు. కొనేముందు స్వతంత్ర మెకానిక్కు దగ్గర లిఫ్టు మీదికి ఎక్కించి చూపించడానికి ఒకటి రెండు వందల డాలర్లు ఇవ్వడానికి వెనకాడవద్దు. ఈ రాష్ట్రంలో వరదనీటిలో మునిగిన బండ్లు శుభ్రంగా తుడుచుకుని మళ్ళీ అమ్మకానికి వస్తాయి, ముఖ్యంగా 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ తుపాను తరువాత అలాంటివి చాలా వచ్చాయి. కాబట్టి టైటిల్ చరిత్రను జాతీయ వాహన టైటిల్ సమాచార వ్యవస్థలో వెతికించి చూడాలి.

ఇవన్నీ కలిపి టైర్లు, బ్రేకులు, బ్యాటరీ, నూనెలు, ఏదో ఒక అనుకోని పని కోసం ఏడాదికి 1,500 డాలర్లు విడిగా పెట్టమని నేను చెబుతాను. ఈ సొమ్ము అత్యవసర నిధిలో భాగం కాదు, దానికి అదనం. బండి కోసం వేరే ఖాతా పెట్టనివారు మొదటి పెద్ద రిపేరు రాగానే అద్దె డబ్బులోనో క్రెడిట్ కార్డులోనో చెయ్యి పెడతారు. అత్యవసర నిధికి చిల్లు పడటం ఉద్యోగం పోయినప్పుడు కాదు, చాలా ఇళ్ళలో ఇలాంటి 900 డాలర్ల క్లచ్చు దగ్గరే మొదలవుతుంది.

మీ స్నేహితుడు సూచించిన 2003 పోర్షె బాక్‌స్టర్ 12,000 డాలర్లకే వస్తుందన్నారు. వద్దు. ఆ కాలపు ఇంజిన్లలో ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు విరిగితే ఇంజినే పోవచ్చు. దాని మీద దావా నడిచి 2013లో రాజీ కుదిరింది. కొన్న ధరకు దగ్గరగా రిపేరు బిల్లు వచ్చే అవకాశం ఉన్న బండి మూడు వారాల నిల్వ కూడా లేని ఇంటికి పనికిరాదు.

లయబిలిటీ బీమా ఒక్కటే తీసుకుంటానన్నారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే. చట్టం అడిగే కనీసం ఒక్కో వ్యక్తికి 30,000, ఒక ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. ఇవాళ రోడ్డు మీద తిరుగుతున్న కొత్త పికప్పుల ధర చూస్తే ఆ 25,000 ఏ మూలకూ రాదు. ఆస్తి నష్టానికి లక్షకు తగ్గకుండా, మనుషుల గాయాలకు ఒక్కొక్కరికి లక్ష, ప్రమాదానికి మూడు లక్షలు ఉండేలా ఎస్‌యూవీ పాలసీని ఈ నెలలోనే పెంచండి. దానికి మియాటా కొనే వరకు ఆగనక్కరలేదు. ఇక డాలస్ ప్రాంతంలో ప్రతి వసంతంలో వడగళ్ళు పడతాయన్నది మీకు తెలుసు. మీ అపార్ట్‌మెంటులో గ్యారేజీ లేదు, పార్కింగ్ ఆరుబయట అని మీరే రాశారు. ఆరుబయట నిలబెట్టిన గుడ్డ టాపు కారుకు వడగళ్ళ లాంటి నష్టాలను భరించే కాంప్రిహెన్సివ్ కవరు లేకుండా ఉండటం ఆకాశం మీద పందెం కాయడమే. సరదా కార్లకు, నష్టం జరిగితే ఎంత ఇవ్వాలో ముందే ఒప్పుకుని రాసే పాలసీలు చౌకగా ఉంటాయి, కానీ అవి సాధారణంగా గ్యారేజీ అడుగుతాయి, కాబట్టి మీకు దొరకకపోవచ్చు. డిడక్టిబుల్‌ను, అంటే నష్టంలో మొదట మీరే కట్టుకోవలసిన సొమ్మును 500 నుంచి 1,000కి పెంచితే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు చెబుతారు, నిజమే. కానీ ఆ వెయ్యి డాలర్లు అత్యవసర నిధిలో పడి ఉన్నవారికే ఆ సలహా వర్తిస్తుంది. బ్యాంకులో 3,344 మాత్రమే ఉన్నవారు ఒక వడగళ్ళ వానతో దాదాపు అయిదు రోజుల ఇంటి ఖర్చును పోగొట్టుకుంటారు.

మీ ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూపు జీవిత బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. పాప విషయం మరొకటి: పదమూడేళ్ళ లోపు పిల్లలు వెనక సీట్లో కూర్చోవాలని పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది, ఈ కారుకు వెనక సీటే లేదు. అంటే ఎస్‌యూవీని రిపేరుకు ఇచ్చిన రోజున పాపను ప్రీస్కూలుకు దింపడానికి మియాటా పనికిరాదు. రెండో కారు ఉన్నా మీరు అద్దె కారు తీసుకోవలసి వస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఆరు నెలల ఖర్చు అంటే 37,980 డాలర్లు. దాన్ని వెంటనే తీయగలిగే సేవింగ్స్ ఖాతాలో ఉంచాలి, షేర్లలో కాదు, హైదరాబాదు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో కాదు. ఇప్పుడున్న 9,500 పోగా 28,480 కావాలి. అక్టోబరు నుంచి నెలకు 1,270 చొప్పున, మధ్యలో వచ్చే మార్చి బోనసు 8,000 కూడా అందులోనే వేస్తే, పదిహేడో నెలలో, అంటే ఇప్పటి నుంచి రెండో ఫిబ్రవరికి నిధి నిండుతుంది. ఆ తరువాత వచ్చే మార్చి బోనసు కారుదే. అప్పుడు తొందరగా ఉంటే 8,000లో 1999-2005 నాటి పాత తరం మియాటాను నగదుకు కొనవచ్చు. వాటికి టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకు ఒకసారి మార్చాలి కాబట్టి చివరిసారి ఎప్పుడు మార్చారో రసీదు చూడండి. అంత పాతది వద్దనుకుంటే అదే మిగులును డిసెంబరు వరకు పది నెలలు పోగుచేయండి: 12,700, బోనసు 8,000 కలిపి 20,700 డాలర్లు. మీరు చూస్తున్న లాంటి బండి, దాని పన్నుతో సహా 19,656. మిగిలే వెయ్యి డాలర్లు రిపేరు ఖాతాకు తొలి జమ అవుతాయి. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో ఓపెన్ టాపు కార్ల ధరలు మెత్తబడతాయి, ఈసారి ఆ చలికాలపు బేరం మీ వైపు ఉంటుంది. మధ్యలో గ్రీన్‌కార్డు దశ ముందుకు సాగి శ్రీమతికి పని అనుమతి వస్తే ఈ గడువు ఇంకా తగ్గుతుంది. ఎస్‌యూవీ లోను తీరితే ఆ 540 కూడా ఇందులోకే మళ్ళించండి.

మెకానిక్కు దగ్గరకు బండిని పరీక్షకు తీసుకెళ్ళే రోజున మీ శ్రీమతిని కూడా తీసుకెళ్ళండి. ఆమెకు మాన్యువల్ గేరు నడపడం వచ్చో లేదో మీరు ఉత్తరంలో రాయలేదు. బీమా ఏజెంటు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇంట్లో ఇంకెవరు ఆ బండి నడుపుతారన్నది ఒకటి.